రిమార్కుల నిమిత్తం

పదిహేడేళ్లుగా మా విశ్వవిద్యాలయంలో ఫిర్యాదులకు జవాబులు రాసేది నేనే. జవాబులు అన్నాను గానీ, నిజానికి ఉన్నది ఒకటే జవాబు. "మీ ఫిర్యాదు పరిశీలనలో ఉన్నది" అని నాకు ముందున్న గుమాస్తా ఒక రబ్బరు స్టాంపు చేయించి పెట్టారు. రిటైరయ్యే రోజున దాన్ని నా చేతిలో పెట్టి, "జాగ్రత్తమ్మా, ఇది ఉన్నంతకాలం నీ జోలికి ఎవరూ రారు" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజమైంది. స్టాంపు అరిగి అరిగి ఇప్పుడు "పరిశీల" వరకే పడుతుంది. అయినా ఇదేమిటని ఒక్కరూ అడగలేదు.

మా విభాగం పరిపాలనా భవనంలో మెట్ల కింద ఉంది. ఒక బల్ల, రెండు బీరువాలు, ఒక నేను. తల ఎత్తి నిలబడాలంటే గుమ్మం దగ్గరే నిలబడాలి. అయితే పై మెట్ల మీద ఎవరు నడిచినా అడుగుల చప్పుడును బట్టి చెప్పేయగలను. రిజిస్ట్రారుగారు ఎక్కితే సున్నం రాలుతుంది, వీసీగారు ఎక్కితే మధ్యలో రెండుసార్లు ఆగుతారు. వచ్చే నెలలో నాకు ప్రమోషన్ రావలసి ఉంది. వస్తే రెండో అంతస్తులో కిటికీ ఉన్న గది ఇస్తారు. పదిహేడేళ్లు మెట్ల కింద ఉన్న మనిషికి కిటికీ అంటే ఏమిటో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మా పని చాలా సులువు. ఎవరి మీద ఫిర్యాదు వస్తే ఆ కాగితం మీద "రిమార్కుల నిమిత్తం" అని రాసి వాళ్లకే పంపుతాం. హాస్టల్ ట్యాంకులో పురుగులున్నాయని రాస్తే అది హాస్టల్ వార్డెనుకి వెళుతుంది. ఆయన రిమార్కుల ఫారం మీద సంతకం పెట్టి పంపుతాడు. ఫారంలో "ఆరోపణ నిరాధారం" అని ముందే అచ్చు వేసి ఉంటుంది కాబట్టి ఎవరికీ రాసే శ్రమ ఉండదు. నేను దాన్ని ఫైలులో పెట్టి దారం కట్టేస్తాను. దొంగతనం చేశావా నాయనా అని దొంగనే అడిగి, లేదంటే సరే వెళ్లిరా అన్నట్టుంటుంది మా వ్యవహారం.

మెట్ల కింద పైపు కారి నా బల్ల మీద పడుతోందని ఒకసారి నేను కూడా ఫిర్యాదు ఇచ్చుకున్నాను. అది ఫిర్యాదుల విభాగానికి సంబంధించిన సంగతి కాబట్టి రిమార్కుల నిమిత్తం నా దగ్గరికే వచ్చింది. నాకు నేనే స్టాంపు వేసి పంపుకుని, బల్ల మీద ఒక బకెట్ పెట్టుకున్నాను.

ఇంట్లోనూ ఇదే అలవాటైపోయింది. మా ఆయన దర్జీ. కూరలో ఉప్పు ఎక్కువైందని ఆయన అంటే, "రాసివ్వండి" అని నోరు జారుతుంది. మా అత్తగారైతే నాకేదో చెప్పబోయి ఆగి, "దీనికి చెప్పేకంటే గోడకి చెప్పుకోవడం నయం" అని నిజంగానే గోడవైపు తిరిగి మొత్తం చెప్పుకుంటారు. ఆవిడ చెప్పేవి సాధారణంగా న్యాయంగానే ఉంటాయి.

సరే, అసలు సంగతికి వస్తాను. మా దగ్గర ఒక పరిశోధక విద్యార్థిని ఉంది. చీమలు దారి తప్పినప్పుడు మళ్లీ ఎలా వెతుక్కుంటాయన్న దాని మీద ఆరేళ్లుగా పని చేస్తోంది. మేమంతా చీమలమ్మాయి అంటాం. థీసిస్ రాయడం పూర్తయి రెండేళ్లయింది. దాని మీద ఆవిడ గైడు సంతకం పెట్టాలి. ఆయన పెట్టడు. పెడితే ఆ అమ్మాయి వెళ్లిపోతుంది. వెళ్లిపోతే పొద్దున్నే ఆయన కుక్కను తిప్పేదెవరు, ఆయన కూతురికి లెక్కలు చెప్పేదెవరు, కరెంటు బిల్లు క్యూలో నిలబడేదెవరు?

ఆ అమ్మాయి తొమ్మిదిసార్లు ఫిర్యాదు చేసింది. తొమ్మిదిసార్లూ నేను దాన్ని రిమార్కుల నిమిత్తం గైడుకే పంపాను. అది అందిన ప్రతిసారీ ఆయన ఆ అమ్మాయినే పిలిచి, "అమ్మాయ్, ఆఫీసు నుంచి ఏదో కాగితం వచ్చింది. నా కళ్లజోడు కనపడట్లేదు, కాస్త జవాబు టైపు చేసి పెట్టు" అనేవాడట. ఆయన చెబుతుంటే, తన మీద తానే "ఈ విద్యార్థిని సోమరి, అబద్ధాలకోరు" అని టైపు చేసి, మధ్యలో తప్పులు కూడా దిద్ది పెట్టిందట. ఈ సంగతి తెలిసిన రోజు నేను కడుపుబ్బ నవ్వాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది గానీ, నవ్విన మాట నిజం.

ఈ నెలాఖరు సాయంత్రం అయిదింటికి ఆ అమ్మాయి గడువు ముగుస్తుంది. అప్పటిలోగా థీసిస్ లోపలికి చేరకపోతే పేరు కొట్టేస్తారు. ఆరేళ్లూ బూడిదలో పోసినట్టే.

దీనికి ఆరునెలల ముందే పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చి ఉంది. విద్యార్థుల ఫిర్యాదులూ సిబ్బంది ఫిర్యాదులూ చూడటానికి ప్రతి విశ్వవిద్యాలయం బయటి మనిషిని ఒకరిని స్వతంత్ర పరిశీలకులుగా పెట్టుకోవాలట. ఆ మనిషి ఇక్కడ చదివి ఉండకూడదు, పనిచేసి ఉండకూడదు, ఇక్కడివాళ్లెవరికీ చుట్టం కాకూడదు. ఊళ్లో అలాంటి మనిషి ఎక్కడ దొరుకుతాడు? చదవనివాడు ఇక్కడ పాఠాలు చెప్పాడు. చెప్పనివాడు సుద్దముక్కలు సరఫరా చేశాడు. అదీ చెయ్యనివాణ్ణి మేం డిబార్ చేశాం. నాలుగు నెలలు గాలిస్తే చివరికి ఒకావిడ దొరికింది. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఏళ్లు ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయిన మనిషి. ఆవిడ వీధి మలుపు తిరిగిందంటే చాలు, దుకాణాలవాళ్లు తక్కెడ పళ్లెం కింద అంటించిన మైనం గబగబా పీక్కునేవాళ్లట. మేం తూకాలావిడ అని పేరు పెట్టుకున్నాం.

తూకాలావిడ స్వతంత్రం అంటే స్వతంత్రమే. మొదటిరోజే మడత కుర్చీ చంకన పెట్టుకుని, ఫ్లాస్కు భుజాన వేసుకుని వచ్చింది. మా కుర్చీలో కూర్చోదు, మా టీ ముట్టదు. ఫ్యాను వెయ్యబోతే, "వద్దమ్మా, ఫ్యాను మీది, కరెంటు మీది, గాలి కూడా మీదే అవుతుంది" అని అట్టముక్కతో విసురుకుంది. మధ్యలో లేచి వెళితే ఎక్కడికా అని చూశాను. వీధి చివర పెట్రోలు బంకుకి వెళ్లి వస్తోంది. ఆ అవసరానికి కూడా మా సొమ్ము వాడుకోదన్నమాట.

వచ్చి కూర్చుని, "నిరాధారం అని తేల్చినవి ఎన్నమ్మా?" అంది.

"లెక్కపెట్టలేదు మేడమ్."

"లెక్కెందుకు, తూచేద్దాం" అని సంచిలోంచి కొక్కెం కాటా తీసింది. కట్టలన్నీ ఒక్కొక్కటే తగిలించి తూచాం. నూట పన్నెండు కిలోలు తేలాయి. నా నడుం పట్టేసింది.

"సరే, నిజమేనని తేలినవి?"

అది ఒక్క కాగితమే ఉంది. తగిలిస్తే ముల్లు కదల్లేదు. ఆవిడ దాన్ని వెలుగులో పెట్టి చదివింది. పరీక్ష హాల్లో పావురం తన జవాబు పత్రం మీద రెట్ట వేసిందని ఒక విద్యార్థి ఇచ్చిన ఫిర్యాదు అది.

"ఇదొక్కటే ఎందుకు నిజమైంది?"

"ముప్పై రోజుల్లో పావురం రిమార్కులు పంపలేదు మేడమ్. నియమం ప్రకారం ఒప్పుకున్నట్టే."

ఆవిడ ఫ్లాస్కు మూతలో టీ పోసుకుని తాగింది. తర్వాత బయటికి వెళ్లి, మా గేటుకి అవతల రోడ్డు పక్కనున్న కరెంటు స్తంభానికి ఒక రేకు పెట్టె కట్టించి తాళం వేసింది. ఇకమీదట ఫిర్యాదులు అందులో వెయ్యాలి, తాళంచెవి ఆవిడ కొంగున ఉంటుంది. చీమలమ్మాయి ఆ సాయంత్రమే పదో ఫిర్యాదు వేసింది. గైడుకి పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కనుక విచారణ సరిగ్గా నెలాఖరు రోజున, మధ్యాహ్నం మూడింటికి పడింది.

నూట పన్నెండు కిలోల సంగతి రిజిస్ట్రారుగారి చెవిన పడ్డాక ఆయనకు అన్నం సహించలేదు. పదిహేడేళ్లలో మొదటిసారి మెట్లు దిగి నా గదిలోకి వచ్చారు. వచ్చీ రాగానే పై మెట్టు తలకి తగిలింది.

"ఏమ్మా, ఆవిడకి ఇక్కడ చుట్టాలు ఉండకూడదు కదా? ఉన్నారని తేలితే?"

"తేలితే పనికిరారు సార్."

"అదీ సంగతి!" అని నుదురు రుద్దుకుంటూనే ఆనందంగా వెళ్లిపోయారు.

మనవాళ్ల సంగతి తెలిసిందే. బస్సులో పక్క సీట్లో కూర్చున్నవాడితో రెండు స్టాపులు దాటేలోగా వరస కలిపేస్తారు. అలాంటిది ఒక రిజిస్ట్రారు పని మానుకుని కూర్చుంటే కలపలేరా? వారం రోజులు ఆఫీసు ఫోను ఊపిరి పీల్చుకోలేదు. పెద్దమ్మలు, మేనత్తలు, ఎక్కడెక్కడి పినతాతలు లైన్లోకి వచ్చారు. చివరికి తేలింది ఏమిటంటే, రిజిస్ట్రారుగారి మేనమామకి ఒక తోడల్లుడు ఉన్నాడు, ఆ తోడల్లుడికి తూకాలావిడ స్వయానా మేనత్త కూతురు. అంటే రిజిస్ట్రారుగారికి అత్తయ్య వరస.

ఈ సంగతి వీసీగారికి తెలిసి, తానెందుకు వెనకబడాలని ఆయనా వెతికించారు. ఆయన బావమరిది పెళ్లి చేసుకున్నది తూకాలావిడ పిన్ని కూతుర్నే. అంటే వీసీగారికి అక్క వరస. నేను వేళ్ల మీద లెక్క వేసి చూస్తే, ఈ లెక్కన వీసీగారు రిజిస్ట్రారుగారికి బాబాయి అవుతున్నారు. వాళ్లిద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. పరీక్షల కంట్రోలరు తన వియ్యపురాలి వైపు నుంచి నరుక్కొచ్చాడు. ముగ్గురు డీన్లు కలిసి వెతుక్కుని, ఒకే పెళ్లి ఫొటోలో ఆవిడ పక్కన నిలబడి ఉన్నట్టు కనిపెట్టారు. ఆరుగురూ బంధుత్వ ప్రకటనలు రాసి, సంతకాలు పెట్టి, సీళ్లు వేసి సిద్ధంగా ఉంచుకున్నారు.

నెలాఖరు రోజు మూడింటికి విచారణ మొదలైంది. తూకాలావిడ మా సమావేశ మందిరం వద్దంది కాబట్టి వరండాలోనే. చీమలమ్మాయి నాలుగు థీసిస్ ప్రతులు పసిబిడ్డల్లా హత్తుకుని గోడకి ఆనుకుని ఉంది. గైడు కుక్కతో సహా వచ్చాడు, దాన్ని పట్టుకునేవాళ్లు లేరట. ఆ కుక్క గైడుని వదిలేసి వెళ్లి అమ్మాయి కాళ్ల దగ్గర పడుకుంది.

రిజిస్ట్రారుగారు చేతులు జోడించి, "అత్తయ్యా, నమస్కారం!" అన్నారు.

తూకాలావిడ వెనక్కి తిరిగి చూసింది, వెనక ఎవరైనా ఉన్నారేమోనని.

"మిమ్మల్నే అత్తయ్యా. నేను మీ తోడల్లుడి... అదే, మా మేనమామ తోడల్లుడి..." అంటూ ఆయన మొదలుపెట్టేలోగా వీసీగారు అడ్డొచ్చి, "అక్కయ్యా, ముందు నాది విను" అన్నారు. పావుగంటలో ఆరు ప్రకటనలూ ఆవిడ ఒళ్లో పడ్డాయి. చుట్టరికం ఉన్నది కనుక పరిశీలకురాలిగా చెల్లరని రిజిస్ట్రారుగారు గొంతు సవరించుకుని చదివారు. చీమలమ్మాయి ముఖంలో రక్తం లేదు.

తూకాలావిడ కళ్లజోడు పెట్టుకుని ప్రతి సంతకాన్నీ పరీక్షగా చూసింది. "ఇవన్నీ మీరే, ఇష్టపూర్వకంగా పెట్టారుగా?" అని అడిగింది. అందరూ అవునన్నారు. "సంతోషం నాయనా. ముప్పై ఏళ్లు తక్కెళ్లు పట్టుకున్నందుకు చుట్టాలందరూ నన్ను వదిలేశారు. ఇవాళ ఒక్కరోజులో ఆరుగురు దొరికారు" అని, సంచిలోంచి నియమాల పుస్తకం తీసింది. "అయితే మీరు చదివింది మొదటి పేజీ. రెండో పేజీ కూడా చూడండి. నన్ను పెట్టేముందు చుట్టరికం ఉంటే నేను పనికిరాను. పెట్టాక బయటపడితే మాత్రం ఆ చుట్టమే ఫిర్యాదుల జోలికి రాకూడదు. కాబట్టి అల్లుడూ, తమ్ముడూ, మిగతావాళ్లూ, మీరిక దయచెయ్యండి."

వీసీగారు, "ఇదేం పనయ్యా!" అని రిజిస్ట్రారుగారి మీద విరుచుకుపడ్డారు. "మీరే కదా సంతకం పెట్టారు బాబాయ్" అన్నారు రిజిస్ట్రారుగారు, కంగారులో వరస కూడా కలిపేసి. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

ఆరుగురూ వెళ్లేసరికి నాలుగుంపావు. తూకాలావిడ గైడు వైపు తిరిగి, "ఏమయ్యా, సంతకం ఎందుకు పెట్టలేదు?" అంది. ఆయన చీమల గురించి ఇంకా లోతుగా వెళ్లాల్సి ఉందన్నాడు. ఒప్పుకోవయ్యా అంటే ససేమిరా ఒప్పుకోనన్నాడు. ఆవిడ వాచీ చూసుకుంది. ఫిర్యాదు నిజమని ఆవిడ తేల్చగలదు, కానీ ఉత్తర్వు మీద పై అధికారులో, ఫిర్యాదుల విభాగం వాళ్లో సంతకం పెట్టాలి. చుట్టం కానివాళ్లు ఇంకెవరున్నారని అడిగితే వరండాలో అందరూ నా వైపు చూశారు.

నాకు ఒళ్లు పొంగింది. పదిహేడేళ్లు మెట్ల కింద ఉన్నదాన్ని, ఇవాళ వీసీ సంతకం పెట్టాల్సిన చోట నేను పెట్టబోతున్నాను. కొంగు సర్దుకుని పెన్ను మూత తీశాను.

"ఆగమ్మా" అంది తూకాలావిడ. "ఈ ఫిర్యాదు ఇద్దరి మీద ఇచ్చింది. ఒకరు గైడు. రెండోది నువ్వు."

కాగితం నా ముందు పెట్టింది. రేకు పెట్టెలో పడింది కాబట్టి ఈ ఒక్కటీ నా చేతిలోంచి రాలేదు. "తొమ్మిదిసార్లు నా ఫిర్యాదును నేను ఎవరి మీద ఇచ్చానో వారికే పంపిన గుమాస్తా" అని ఉంది. తిట్టలేదు, ఒక్క కఠినమైన మాట లేదు. తిట్టి ఉంటే నయం, నేనూ నాలుగు మాటలనేదాన్ని.

"నీ మీద వచ్చిన ఫిర్యాదుకి నువ్వే సంతకం పెట్టలేవు. మరి ఇంకెవరూ లేరు. ఒక దారి ఉంది." ఆవిడ పుస్తకంలో వేలు పెట్టి చూపించింది. "ఆఫీసు తప్పు వల్ల ఆలస్యమైందని ఆఫీసు మనిషి రాసి ఒప్పుకుంటే విచారణ అక్కర్లేదు, ఇంకొకరి సంతకం అక్కర్లేదు. గైడు సంతకం లేకుండానే థీసిస్ తీసుకోవాలి. నా సీలు చాలు. కాకపోతే ఆ కాగితం నీ సర్వీసు పుస్తకంలోకి ఎక్కుతుంది. నిన్ను రాయమని నేను చెప్పను. చెప్పకూడదు కూడా."

ఆవిడ నా ముందు రిమార్కుల ఫారం పెట్టింది. నేను పదిహేడేళ్లుగా అందరికీ పంపిన ఫారమే. "ఆరోపణ నిరాధారం" అని అచ్చులో ఉంది, కింద సంతకానికి గీత ఉంది. ఊరికే సంతకం పెడితే చాలు, అందరిలాగే నేనూ చేతులు దులుపుకుని వెళ్లిపోవచ్చు. కిటికీ గుర్తొచ్చింది. మా ఆయన దానికి కర్టెన్ కుట్టి మడతపెట్టి ఉంచారు కూడా. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆ అమ్మాయి మీద నాకు ఒళ్లు మండింది. ఇన్నాళ్లు ఆగింది, ఇంకో నెల ఆగితే నేను పైకి వెళ్లిపోయేదాన్ని కదా అనుకున్నాను. తలెత్తి చూస్తే ఆ అమ్మాయి నన్ను చూడటం లేదు, గోడ మీద గడియారాన్ని చూస్తోంది. పెదవులు కదులుతున్నాయి. నిమిషాలు లెక్కపెట్టుకుంటోందని అర్థమైంది.

"ఆరోపణ నిరాధారం" మీద అడ్డగీత కొట్టాను. కింద రాయడానికి జాగా లేదు, ఇంకోలా రాసేవాళ్లు ఉంటారని అచ్చు వేయించినవాళ్లు అనుకోలేదు. అంచున సన్నగా రాశాను. "నిజమే. తొమ్మిదిసార్లూ నేనే పంపాను. ఏం జరుగుతుందో తెలిసే పంపాను. ఆలస్యానికి కారణం మా ఆఫీసు."

తూకాలావిడ చదివి, సీలు బయటికి తీసి, ఆగింది. "ఇంకొక్క గడి నింపాలి. ఈ అమ్మాయికి నువ్వేమవుతావు?"

"ఏమీ కాను మేడమ్. తొమ్మిదిసార్లు వచ్చింది. ఒక్కసారైనా కూర్చోమనలేదు."

ఆవిడ "సంబంధం లేదు" అని రాసి సీలు వేసింది. టైము అయిదుకి పది తక్కువ.

థీసిస్ తీసుకునే కౌంటరు అవతలి భవనంలో ఉంది. నేను రెండు ప్రతులు, ఆ అమ్మాయి రెండు ప్రతులు పట్టుకుని పరిగెత్తాం. వెనక కుక్క, కుక్క వెనక దాని గొలుసు పట్టుకుని గైడు, ఆపమని అరుస్తూ. అందరికంటే వెనక తూకాలావిడ, మడత కుర్చీ వదలకుండా. కౌంటరు గుమాస్తా అప్పటికే టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుని, ఒక కాలికి చెప్పు వేసుకున్నాడు.

"రేపు రండి" అన్నాడు, మమ్మల్ని చూడకుండానే.

"ఇంకా నాలుగు నిమిషాలుంది" అన్నాను.

"గైడు సంతకం ఏది?"

సీలున్న కాగితం ముందు పెట్టాను. చదివాడు, మళ్లీ చదివాడు. "నిజమేనని రాశావా? నువ్వా?" అని నా ముఖంలోకి చూశాడు. ఒంట్లో బాగోలేదేమోనని అనుమానం వచ్చినట్టుంది. "వెయ్యవయ్యా ముందు!" అని నేను అరిచిన అరుపుకి కుక్క కూడా మొరగడం ఆపింది. అతను చెప్పు విప్పేసి నాలుగు ప్రతుల మీదా తేదీ ముద్ర వేసి, రసీదు చింపి ఇచ్చాడు.

ఆ అమ్మాయి రసీదు రెండు చేతులతో పట్టుకుని బయట మెట్ల మీద కూలబడి, వెక్కి వెక్కి ఏడిచింది. నేను పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడాలో నాకు తెలియలేదు, పదిహేడేళ్లలో ఫిర్యాదు ఇచ్చినవాళ్లతో ఎప్పుడైనా మాట్లాడి ఉంటే కదా. కాసేపటికి తనే ముక్కు తుడుచుకుని, "మీ ప్రమోషన్ పోతుందట కదా మేడమ్" అంది.

"పోతుంది."

"రసీదు వచ్చేసింది కదా. రేపు మీ మీద రాసింది వెనక్కి తీసుకుంటానని ఆవిడకి చెబుతాను. అప్పుడు మీ సర్వీసు పుస్తకంలో ఎక్కదేమో."

ఒక్క క్షణం ఆశ పుట్టింది. అబద్ధం ఎందుకు చెప్పాలి, గట్టిగానే పుట్టింది.

"వద్దులే తల్లీ, ఉండనీ" అన్నాను. "నువ్వు చెప్పింది నిజమని రెండేళ్లలో ఇప్పుడే ఒకరు రాశారు. దాన్ని కొట్టెయ్యకు."